రాతిలో అమ్మ చేతులు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో లోవెల్ అనే మిల్లుల పట్టణం ఉంది. అక్కడి సిటీ హాలు ముందు 2014లో ఒక రాయి నిలిపారు. ఆర్మేనియన్లు తరతరాలుగా చెక్కే శిలువ రాయి అది. దాని మీద క్రోషియాతో లేసు అల్లుతున్న ఒక తల్లి చేతులు చెక్కారు. 1915 మారణకాండ నుంచి బతికి బయటపడి, ఆ చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో పనిచేసి పిల్లల్ని పెంచినవాళ్ల గుర్తు అది.

మా అమ్మీ కూడా క్రోషియాతో నమాజు టోపీలు అల్లేది. అందుకే ఆ రాయి ఫోటో చూసినప్పుడు ఆ చేతులు నాకు పరాయివిగా తోచలేదు. మరి ఆ చేతుల్ని ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయేలా చేసిందెవరు? ఇక్కడే నా కలం తడబడుతుంది.

ఒట్టోమన్ రాజ్యం. 1914 నవంబరులో ఖలీఫా పేరిట జిహాద్ ప్రకటించిన రాజ్యం. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్ రచయితల్నీ పత్రికలవాళ్లనీ నాయకుల్నీ పట్టుకుపోయారు. తర్వాత ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి, ఆడవాళ్లనీ పిల్లల్నీ సిరియా ఎడారికి నడిపించారు. చనిపోయినవాళ్లు పదిహేను లక్షలని ఆర్మేనియన్ల లెక్క.

నాలుగేళ్లకే, 1919లో, మన దేశంలో ఖిలాఫత్ ఉద్యమం మొదలైంది. తెల్లవాడి మీద కోపంతో, ఖలీఫా మీద ప్రేమతో మన పెద్దలు జైళ్లకు పోయారు. ఆ త్యాగాన్ని నేను తక్కువ చేయను. 1931లో నిజాం ఇద్దరు కొడుకులకు ఒట్టోమన్ రాకుమార్తెలతో నికా అయింది. నీలోఫర్ పేరు హైదరాబాద్‌లో ఆసుపత్రికి ఉంది. దేశం పోగొట్టుకున్న రాకుమార్తెల ముచ్చట్లు మా ఇంట్లో ఎన్నో విన్నాను. అదే రాజ్యం తరిమేసిన ఆర్మేనియన్ తల్లుల గురించి ఒక్క ముక్కా వినలేదు.

ఎక్కడో ఏదో జరిగితే ఇక్కడ మమ్మల్ని సంజాయిషీ అడుగుతారు. అది అన్యాయం. నేనిప్పుడు చెప్తున్నది సంజాయిషీ కాదు. 1915లో అలెప్పోలోనూ, తర్వాత కొన్యాలోనూ గవర్నరుగా ఉన్న జెలాల్ బే ఆ హుకుంకు అడ్డం తిరిగి పదవి పోగొట్టుకున్నాడు. ఆయనా ముసల్మానే. అయినా ఆయన పేరు చాటున దాక్కోలేను.

వాళ్లు అక్కడ మైనారిటీ, మేం ఇక్కడ మైనారిటీ. అది జాతిహననమని టర్కీ ప్రభుత్వం ఇవాల్టికీ ఒప్పుకోదు. మన వాళ్లు చచ్చిపోయాక, అసలేం జరగలేదని ఇంకొకరు చెప్తుంటే ఎలా ఉంటుందో మాకు తెలియదా?