ఎవరీ గజాలా హష్మీ? మలక్‌పేట నుంచి వర్జీనియా సెనేట్ దాకా.. ఫ్యామిలీ బిల్లులపై ఆమె ఓటు ఎటు?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన గజాలా హష్మీ హైదరాబాద్‌లో పుట్టారన్న సంగతి చాలామందికి తెలుసు. ఆ పదవిలోకి రాకముందు ఆరేళ్ల పాటు ఆమె రాష్ట్ర సెనేటర్‌గా ఉన్నారు. పిల్లలు, పెళ్లి, ప్రసవం, సెలవులు.. ఇలా ఇంటి గడప దాటి లోపలికి వచ్చే బిల్లులపై ఆ ఆరేళ్లలో ఆమె ఎటు ఓటేశారు? వాటిలో ఎన్ని చట్టాలయ్యాయి? ఓసారి చూద్దాం.

హైదరాబాద్ టు జార్జియా

హష్మీ 1964లో హైదరాబాద్‌లో పుట్టారు. చిన్నతనం మలక్‌పేటలోని అమ్మమ్మ, తాతయ్యల ఇంట్లో గడిచింది. నాలుగేళ్ల వయసులో తల్లి, అన్నతో కలిసి అమెరికా వెళ్లారు. తండ్రి అప్పటికే అక్కడ జార్జియా రాష్ట్రంలో ఉన్నారు. జార్జియా సదరన్ యూనివర్సిటీలో డిగ్రీ, ఎమరీ యూనివర్సిటీలో అమెరికన్ సాహిత్యంపై పీహెచ్‌డీ చేశారు. 1991లో వర్జీనియాకు మారి, దాదాపు 30 ఏళ్లు కాలేజీల్లో పాఠాలు చెప్పారు. ఆమెకు ఇద్దరు కూతుళ్లు.

2017లో ట్రంప్ సర్కారు కొన్ని ముస్లిం దేశాల వారిపై పెట్టిన ట్రావెల్ బ్యాన్ తనను రాజకీయాల్లోకి నడిపించిందని ఆమె చాలాసార్లు చెప్పారు. 2019లో తొలిసారి పోటీ చేసి, సిట్టింగ్ రిపబ్లికన్ సెనేటర్‌ను ఓడించారు. వర్జీనియా సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి ముస్లిం, తొలి దక్షిణాసియా మూలాలున్న మహిళ ఆమే. 2024లో సెనేట్ విద్య, ఆరోగ్య కమిటీకి చైర్‌పర్సన్ అయ్యారు.

ఒక్క ఓటు విలువ

వర్జీనియా సెనేట్‌లో ఉండేది 40 మందే. హష్మీ తొలిసారి వచ్చినప్పుడు డెమొక్రాట్లు 21, రిపబ్లికన్లు 19. అంటే ఒక్కరు అటు మారితే చాలు, లెక్క 20-20 అయిపోతుంది.

2020లో సరిగ్గా అదే జరిగింది. అబార్షన్‌కు ముందు 24 గంటలు ఆగాలి, అల్ట్రాసౌండ్ తప్పనిసరి అనే పాత నిబంధనలను ఎత్తేసే బిల్లు సెనేట్‌కు వచ్చింది. హష్మీ అనుకూలంగా ఓటేశారు. ఓట్లు 20-20గా తేలడంతో, సభాధ్యక్షుడైన అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ జస్టిన్ ఫెయిర్‌ఫాక్స్ ఓటుతో బిల్లు గట్టెక్కింది. ఇప్పుడు హష్మీ కూర్చునేది ఆ కుర్చీలోనే.

కీలక బిల్లులు.. హష్మీ ఎటు?

* మహిళల సమాన హక్కుల సవరణ (2020): అనుకూలం. సెనేట్‌లో 28-12 ఓట్లతో పాసైంది. దీన్ని ఆమోదించిన 38వ రాష్ట్రంగా వర్జీనియా నిలిచింది. గడువు దాటిపోయిందన్న వివాదంతో అది అమెరికా రాజ్యాంగంలో మాత్రం చేరలేదు.

* గర్భనిరోధక సాధనాల హక్కు (2024): సెనేట్‌లో ఈ బిల్లు పెట్టిందే హష్మీ. మాత్రలు, ఇతర సాధనాలు పొందే హక్కును చట్టంలో రాయాలన్నది ఉద్దేశం. రెండు సభలూ ఓకే చెప్పాయి. రిపబ్లికన్ గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ వీటో చేశారు. 2025లో మళ్లీ పెడితే మళ్లీ అదే ఫలితం.

* అబార్షన్ హక్కు, పెళ్లిపై రాజ్యాంగ సవరణలు (2025): రెండింటికీ అనుకూలం. వర్జీనియా రాజ్యాంగంలో 2006 నుంచి ‘పెళ్లంటే ఒక పురుషుడు, ఒక స్త్రీ మధ్యే’ అన్న మాట ఉంది. దాన్ని తొలగించాలన్నది రెండో సవరణ.

మరోవైపు వాదనేంటి?

గర్భనిరోధక సాధనాలకు తాను వ్యతిరేకం కాదని యంగ్‌కిన్ చెప్పారు. మత విశ్వాసాల రీత్యా వద్దనుకునే వారికి రక్షణ ఉండాలని, పిల్లల విషయంలో తల్లిదండ్రుల హక్కులు కాపాడాలని ఆయన అభ్యంతరం. తమ వైపు ఉన్నది కుటుంబ విలువలేనని రెండు పక్షాలూ అంటాయి. ఓటరు చూడాల్సింది ఏ బిల్లులో ఏముందన్నదే.

వీటోను దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల బలం కావాలి. 21-19 మెజారిటీతో అది కుదరని పని. అందుకే ఓటింగ్ రికార్డు ఎంత స్పష్టంగా ఉన్నా, ఆమె స్వయంగా పెట్టిన గర్భనిరోధక బిల్లు కూడా యంగ్‌కిన్ టేబుల్ దాటలేదు.

తెలుగు కుటుంబాలకు ఏంటి సంబంధం?

ఇదే వీటో దెబ్బ తిన్న మరో బిల్లు పెయిడ్ ఫ్యామిలీ లీవ్. బిడ్డ పుట్టినా, ఇంట్లో ఎవరికైనా తీవ్ర అనారోగ్యం వచ్చినా 12 వారాల వరకు సగటు జీతంలో 80 శాతం ఇవ్వాలన్నది ప్రతిపాదన. 2024లో డెమొక్రాట్ల బలంతో సభలు దాటింది, గవర్నర్ దగ్గర ఆగింది.

మన దేశంలో చట్టం వర్తించే సంస్థల్లో తల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. అమెరికా ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాలే, అదీ జీతం లేకుండా. లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీల్లో పెద్ద సంఖ్యలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ప్రసవం అంటే ముందు ఊళ్లో అమ్మకో, అత్తమ్మకో వీసా ప్రయత్నం మొదలవుతుంది. హెచ్-1బీపై ఉన్నవాళ్లకు అక్కడ ఓటు లేదు. కానీ ఆ సెనేట్‌లో పడే ఒక్కో ఓటు ప్రభావం వాళ్ల ఇంటిదాకా వస్తుంది.

ఇప్పుడు ఆమె చేతిలో ఏముంది?

2025 నవంబర్‌లో గెలిచిన హష్మీ, 2026 జనవరి 17న ప్రమాణం చేశారు. అమెరికాలో రాష్ట్రస్థాయి ఎన్నికలో గెలిచిన తొలి ముస్లిం మహిళ ఆమే. ఇది మన పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నర్ లాంటి నియామక పదవి కాదు. ప్రజలు ఎన్నుకుంటారు. మన మండలి చైర్మన్‌లా సభను నడపాలి.

అయితే సెనేటర్‌గా ప్రతి బిల్లుపైనా ఉన్న ఓటు ఇప్పుడు ఆమెకు లేదు. టై అయితేనే అవకాశం. రాజ్యాంగ సవరణలకైతే 40 మందిలో కనీసం 21 మంది సెనేటర్ల ఓట్లు తప్పనిసరి. వీటో పెన్ను ఇప్పుడు డెమొక్రాటిక్ గవర్నర్ అబిగైల్ స్పాన్‌బర్గర్ చేతిలో ఉంది. ఫ్యామిలీ బిల్లులపై హష్మీ మళ్లీ ఓటేసేది స్కోర్ బోర్డు 20-20 చూపించిన రోజే.