మానని గాయంతో ట్రయథ్లాన్: బరిలో దిగాలా, ఆగాలా?

ఈత, సైకిల్, పరుగు. ఈ మూడింటినీ నడుమ విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేయవలసిన పోటీని ట్రయథ్లాన్ అంటారు. నీటి నుండి బయటకు వచ్చి సైకిల్ ఎక్కేందుకు, సైకిల్ దిగి పరుగు బూట్లు తొడుక్కునేందుకు పట్టే సమయం కూడా మొత్తం సమయంలో కలుస్తుంది. అమెరికాలోని శాన్ డియేగో నగరంలో 1974 సెప్టెంబరు 25న ఈ పేరుతో తొలి పోటీ జరిగింది. 2000 సిడ్నీ క్రీడలతో ఇది ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. ఒలింపిక్ దూరం 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. ఇందులో సగం దూరాన్ని స్ప్రింట్ అంటారు. హవాయి దీవులలో 1978లో మొదలైన ఐరన్‌మ్యాన్‌లో ఈత 3.8, సైకిల్ 180, పరుగు 42.2 కిలోమీటర్లు.

గాయం ఎందుకు వదలదు?

ఈ క్రీడలో పడిపోయి దెబ్బలు తగిలించుకునేవారికంటె, ఒకే కదలికను వేలసార్లు చేయడం వలన మెల్లగా గాయపడేవారే ఎక్కువ. ఈ గాయాలలో అధికభాగం పరుగు వలన కలిగేవే. మోకాలు, పిక్క, మడమ వీటికి ముఖ్య స్థానాలు.

మడమ వెనుక తాడువలె చేతికి తగిలే భాగాన్ని వాడుకలో నరం అంటాము. నిజానికి అది నరం కాదు, పిక్క కండరాన్ని మడమ ఎముకతో కలిపే స్నాయుబంధనం. దాని పేరు అకిలీస్. పరుగులో ప్రతి అడుగుకూ దానిపై శరీర బరువుకు అనేక రెట్ల భారం పడుతుంది. కండరంతో పోల్చితే దానికి రక్తప్రసరణ తక్కువ. సాధన వలన గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాలలోనే బలపడతాయి. స్నాయుబంధనం బలపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి అందుతున్నది కదా అని దూరం పెంచినవారికి మడమ అడ్డుపడేది అందుకే.

ఈ నొప్పికి ఒక మాయ ఉన్నది. ఉదయం లేవగానే మడమ బిగుసుకొని ఉంటుంది. నాలుగడుగులు వేయగానే సడలుతుంది, పరుగు మొదలుపెట్టాక మరింత తగ్గినట్లు తోస్తుంది. తగ్గిందనుకొని పూర్తి దూరం పరుగెత్తినవారికి మరునాటి ఉదయం అది రెట్టింపై కనబడుతుంది.

ఒకే ఉద్యానవనంలో రెండు పోటీలు

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు చెందిన అలిస్టర్ బ్రౌన్లీ 2009, 2011 సంవత్సరాలలో ప్రపంచ విజేత. సొంత దేశంలో ఒలింపిక్స్ జరగవలసిన 2012 ఆరంభంలోనే అతని అకిలీస్ స్నాయుబంధనం చిరిగింది. పరుగు ఆగిపోయింది, సాధన మాత్రం ఆగలేదు. ఈత, సైకిల్ సాధన గుండె బలాన్ని నిలిపాయి. పాదాలు నేలను తాకకుండా నీటిలో పరుగెత్తే సాధన, మడమపై భారం వేయకుండానే కాళ్లకు పరుగు కదలికను మరపురానీయలేదు. ఆ ఏడాది జూన్‌లో ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్ పోటీతో తిరిగి బరిలో దిగి గెలిచాడు. ఆగస్టు 7న లండన్ హైడ్ పార్కులో 1 గంట 46 నిమిషాల 25 సెకన్లలో ఒలింపిక్ స్వర్ణం సాధించాడు. స్పెయిన్‌కు చెందిన హావియర్ గోమెజ్‌పై ఆధిక్యం 11 సెకన్లు. తమ్ముడు జోనాథన్‌కు కాంస్యం లభించింది.

ఇంతవరకే చెబితే ఇది పట్టుదల కథ అవుతుంది. కాని 2013 సెప్టెంబరులో అదే హైడ్ పార్కులో ప్రపంచ పోటీల చివరి ఘట్టం జరిగింది. ఈసారి అతడు చీలమండ గాయం మానకుండానే దిగాడు. ఈత, సైకిల్ వరకు ముందువరుసలోనే ఉన్నా, పరుగులో కాలు సహకరించక 52వ స్థానంలో ముగించాడు. మనిషి అతడే, పట్టుదల అదే. మొదటిసారి మడమ బరువు మోయగల స్థితికి వచ్చిన తరువాత పోటీకి వచ్చాడు, రెండవసారి రాకముందే వచ్చాడు. 2015లో చీలమండకు శస్త్రచికిత్స జరిగింది. తగినంత కాలం కోలుకొని, 2016 రియో క్రీడలలో 1 గంట 45 నిమిషాల 1 సెకనులో మళ్లీ స్వర్ణం గెలిచాడు. ఒలింపిక్ ట్రయథ్లాన్‌లో రెండు వ్యక్తిగత స్వర్ణాలు సాధించిన తొలి క్రీడాకారుడు అతడే.

కోలుకునే విధానం

పూర్తిగా పడక వేస్తే నొప్పి తగ్గుతుంది, బలం కూడా తగ్గుతుంది. తిరిగి పరుగెత్తగానే నొప్పి మళ్లీ వస్తుంది. స్వీడన్ వైద్యుడు హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్‌కు తన మడమ నొప్పి ఎంతకూ తగ్గలేదు. శస్త్రచికిత్సకు పైఅధికారి ఒప్పుకోకపోవడంతో, మడమ మరింత చెడితేనైనా ఒప్పుకుంటారని దానిపై బరువులు మోపసాగాడు. చెడవలసిన మడమ బాగుపడింది. 1998లో ఆయన బృందం ప్రకటించిన పద్ధతి ఇది: మెట్టు అంచున మునివేళ్లపై నిలిచి, నొప్పి కాలి మడమను మెల్లగా కిందికి దించాలి. మంచి కాలి సాయంతో పైకి లేవాలి. ఒక్కొక్క విడతకు 15 సార్లు, మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. మోకాలు చాచి ఒకసారి, కొద్దిగా వంచి ఒకసారి చేయాలి. మడమ ఎముక దగ్గరే నొప్పి ఉన్నవారు మెట్టు కంటె కిందికి దించరాదు.

పరుగును తిరిగి ప్రారంభించేటప్పుడు నొప్పిని సున్నా నుండి పది వరకు కొలుచుకోవాలి. ఐదు దాటితే ఆగాలి. అంతకంటె ముఖ్యమైనది మరునాటి ఉదయం. అప్పటికి మడమ యథాస్థితికి రాకపోతే నిన్నటి దూరం ఎక్కువైనదని అర్థం.

ఎప్పుడు మానుకోవాలి?

కుంటు పడుతున్నా, వాపు తగ్గకున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా, వేలితో నొక్కితే ఎముకపై ఒకేచోట నొప్పి తెలుస్తున్నా పోటీలో దిగరాదు. మడమ వెనుక ఎవరో కొట్టినట్లు అనిపించి, మునివేళ్లపై లేవలేకపోతే వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తడం మరింత ప్రమాదకరం. అది గాయాన్ని మాన్పదు, హెచ్చరికను మాత్రం మూసివేస్తుంది. చెమటతో నీరు తగ్గిన శరీరంలో అటువంటి మాత్రలు మూత్రపిండాలకు కూడా హాని చేయగలవు.

పోటీకి, ఇంటికి మధ్య వేరే దారులు కూడా ఉన్నవి. తక్కువ దూరం ఎంచుకోవచ్చు. ముగ్గురు కలిసి చేసే రిలే ఉన్నచోట ఈత లేదా సైకిల్ భాగం తీసుకోవచ్చు. సైకిల్ ముగించి పరుగుకు ముందు విరమించుకోవచ్చు.

మన పల్లెలలో ట్రయథ్లాన్ చేసేవారు అరుదు. కాని పోలీసు, సైన్యం ఎంపికలలో 1600 మీటర్ల పరుగు కోసం తెల్లవారుజామున రోడ్డెక్కే పిల్లలు అనేకులు. వారి మడమ కూడా అదే మడమ. ఎంపిక తప్పిపోతుందన్న భయంతో నొప్పిని ఇంట్లో దాచేవారు ఉంటారు. ఉదయం మంచం దిగిన బిడ్డ మొదటి నాలుగడుగులు కుంటుతున్నాడేమో చూడడం తల్లిదండ్రుల చేతిలో పని. ఆరు వారాల ముందు గమనిస్తే ఎంపిక రోజుకు కాలు సిద్ధమయ్యే అవకాశం ఉంటుంది. ఆ రోజే గమనిస్తే ఆ అవకాశం ఉండదు.