పాటకీ పాటకీ మధ్య

1999లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నలుగురం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వైటూకే పనికని వెళ్లిన బ్యాచి. నలుగురికీ కలిపి ఒకటే పాత కారు, అందులో సీడీలన్నీ మా రూమ్మేటువి. ‘ది మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్’ పెట్టి, పాట అయ్యాక వచ్చే పిల్లల మాటల్ని బటన్ నొక్కి దాటించేసేవాడు. “డబ్బులు పోసింది పాటలకిరా, వీళ్ల సోదికి కాదు” అనేవాడు. నాకేమో ఆ సోదే కావాలి. ర్యాప్ వేగం అప్పట్లో నా చెవికి అందేది కాదు, మాటలైతే అందేవి.

ఆ ముక్కల్ని స్కిట్లంటారు. మన హరికథలో పిట్టకథల్లాంటివి. బుర్రకథలో కథకుడి పక్కన హాస్యానికని ఒక వంత ఉంటాడు చూడండి, ర్యాప్ ఆల్బమ్‌కీ చాలాకాలం అలాంటి వంత ఉండేది.

దీని పూర్వీకులు పాటగాళ్లు కారనే నా లెక్క. 1950లలో రెడ్ ఫాక్స్ అనే నల్లజాతి హాస్యగాడు పచ్చి జోకులతో ఎల్పీలు చేశాడు. ‘పార్టీ రికార్డులు’ అనేవారు; పిల్లలు పడుకున్నాక పెద్దలు పెట్టుకునే సరుకు. అదే మనిషి 1972లో ఎన్‌బీసీ టీవీలో ‘శాన్‌ఫర్డ్ అండ్ సన్’లో పాత సామాన్ల కొట్టు ముసలాయనై ఇంటిల్లిపాదికీ చుట్టమైపోయాడు. టీవీ ముందు పెరిగిన ఆ తరమే తర్వాత మైకు పట్టింది.

స్కిట్‌ని ఆనవాయితీ చేసినవాడు ప్రిన్స్ పాల్. లాంగ్ ఐలండ్ కుర్రాళ్లు ముగ్గురి ర్యాప్ బృందం డి లా సోల్ తొలి ఆల్బమ్ ‘త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్’ (1989)కి ఆయనే నిర్మాత. పాటల మధ్య ఓ ఉత్తుత్తి టీవీ క్విజ్ పెట్టాడు. కోడికి ఈకలెన్ని, ఆ తరహా ప్రశ్నలు. తమాషా ఏమిటంటే, ఆ ఆల్బమ్‌ను కోర్టుకీడ్చింది కూడా పెద్ద పాటేమీ కాదు, నిమిషం పైచిలుకు పిట్టకథే. ఫ్రెంచి నేర్పే రికార్డులోని గొంతు, దాని కింద టర్టిల్స్ బృందం 1960ల నాటి పాట ముక్క. అడక్కుండా వాడారని టర్టిల్స్ వాళ్లు దావా వేశారు, కోర్టు బయట రాజీ కుదిరింది. ఇలాంటి అనుమతుల పేచీలతోనే ఆ ఆల్బమ్ 2023 మార్చి 3 దాకా స్ట్రీమింగ్‌కి రాలేదు. ముగ్గురిలో ఒకడైన డేవ్ పోయి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు.

రెండోది, ‘డి లా సోల్ ఈజ్ డెడ్’ (1991), నాకు మరీ ఇష్టం. చెత్తలో దొరికిన క్యాసెట్‌ను కుర్రాళ్లు వింటూ తిట్టిపోస్తుంటారు. ఆ క్యాసెట్ మనం వింటున్నదే!

ఆ తర్వాత అందరూ ఎగబడ్డారు. డాక్టర్ డ్రే ‘ది క్రానిక్’ (1992)లోనూ గేమ్ షో పేరడీ ఉంది. నాకు ఒకసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు. తొంభైల చివరికి సగం స్కిట్లు తుపాకీ మోతలూ బూతులే. మా వాడి బటన్‌కీ న్యాయముంది మరి. ప్రిన్స్ పాల్ మాత్రం క్రిస్ రాక్ కామెడీ ఆల్బమ్ ‘రోల్ విత్ ద న్యూ’ (1997) చేసిపెట్టి, సరుకును మళ్లీ పుట్టింటికి చేర్చాడు.

లారిన్ హిల్ (1998) సంగతి వేరు. బళ్లో హాజరు పిలుస్తారు, ఆమె పేరు దగ్గర జవాబుండదు. ఆ తర్వాత పాటల మధ్య టీచరు పిల్లల్ని ప్రేమంటే ఏమిటని అడుగుతుంటాడు. ఆ పిల్లల్ని న్యూజెర్సీలో ఆమె ఇంటి హాల్లోనే కూర్చోబెట్టి రికార్డు చేశారు. టీచరు కూడా నిజం టీచరే, రాస్ బరాకా. 2014లో నూవర్క్ మేయరయ్యాడు. నూవర్క్ ఎయిర్‌పోర్టుకి వెళ్తూ మేం దాటించేసింది ఆ ఊరికి కాబోయే మేయరు గొంతన్నమాట.

ఎంపీత్రీలొచ్చి పాటలు విడివిడిగా చెదిరిపోయాక స్కిట్లు చిక్కిపోయాయి. కెండ్రిక్ లామార్ ఉపాయం పట్టాడు. ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ (2012)లో వాళ్లమ్మ వ్యాను తెచ్చివ్వమని పెట్టిన ఫోను మెసేజ్‌ను పాట తోకకే కుట్టేశాడు, పాట నుంచి విడదీసే వీల్లేకుండా. మొన్న మా అమ్మాయి ఫోన్లో షఫుల్ మీద ఆ పాట వచ్చింది. అయిపోగానే ఆవిడ గొంతు మొదలైంది. వంటింట్లోంచి మా ఆవిడ, “ఎవరే ఆవిడ? పలకవేం?” అంది.