వాసనతో దోమల వేట

గోదావరికి దక్షిణమున పూర్వపు కరీంనగరు జిల్లా, ఉత్తరమున ఆదిలాబాదు జిల్లా ఉన్నవి. మొదటిదానిని బోదకాలు, రెండవదాని అడవి గ్రామములను మలేరియా తరతరములుగా పీడించినవి. రెండింటికిని దోమయే వాహకము. అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20 వ తేదీన సికింద్రాబాదులోనే చూచెను. బోదకాలు క్రిమిని మోయునది మురుగునీటిలో పెరుగు క్యూలెక్స్ దోమ.

మన దేశములో 1953 లో మలేరియా నియంత్రణకు, 1955 లో ఫైలేరియా నియంత్రణకు జాతీయ కార్యక్రమములు ప్రారంభమైనవి. డి. డి. టి. చల్లగా మలేరియా మొదట చాలవరకు తగ్గినది. కాని ఆ మందుకు చావని దోమలు మిగిలి, వాటి సంతతియే పెరిగినది. దోమలను వెదకి మందు చల్లుటకు మారుగా, వాటినే మనము కోరిన చోటికి రప్పింపరాదా?

దోమ చీకటిలో మనిషిని వాసనచే గుర్తించును. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, చెమటలోని లాక్టిక్ ఆమ్లము, అమ్మోనియా దానికి దారి చూపును. ఇట్టి ద్రవ్యములను కృత్రిమముగా తయారుచేసి బోనులో ఎరగా ఉంచవచ్చును. దగ్గరకు వచ్చిన దోమను చిన్న పంకా లోనికి లాగును. ఎద్దుల వాసనలోని ఎసిటోన్, ఆక్టినాల్‌లతో జింబాబ్వేలో 1980 ల నుండి నిద్రవ్యాధిని వ్యాపింపజేయు సెట్సీ ఈగలను పట్టిరి. కెన్యాలోని రుసింగా దీవిలో 2012-15 మధ్య సూర్యరశ్మితో నడచు దోమబోనులను నాలుగువేలకు పైగా ఇండ్లకు అమర్చిరి. దోమతెరలు వాడుచుండిన ఆ దీవిలో, బోనులు పెట్టిన ఇండ్లవారికి మలేరియా సుమారు 30 శాతము తక్కువగా కనబడినది.

కరీంనగరు దోమకు మరియొక బలహీనత కలదు. క్యూలెక్స్ తల్లి తన గ్రుడ్లను తెప్పవలె పేర్చి నీటిపై విడుచును. ప్రతి గ్రుడ్డు కొనయందుండు బిందువు వాసనకు ఇతర తల్లులును అక్కడికే చేరును. లారెన్స్, పికెట్ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 1982 లో ఆ ద్రవ్యమేదో తేల్చిరి. దానిని కృత్రిమముగా చేసి, పిల్లపురుగులను చంపు మందుతోపాటు తొట్టినీటిలో ఉంచినచో, తల్లులు తమ సంతానమును చావుకే అప్పగించును.

పత్తిచేలలో గులాబీరంగు పురుగుకు కట్టు లింగాకర్షక బుట్టలు ఈ ప్రాంతపు విద్యార్థులు ఎరిగినవే. వాటి సూత్రమే ఇది. అయితే ఎర వాసన అసలు వాసనతో పోటీపడవలెను. వీధి పొడుగునా మురుగుకాలువ తెరచియున్నచో, ఒక్క తొట్టి వాసన దోమను ఎంతవరకు లాగగలదు? కావున కాలువ మూయుట, దోమతెర కట్టుట ముందు. వాసన ఎర వాటికి తోడు.