ప్రెసిడెంటు మీద రెండు చార్జిషీట్లు (భాగం 9)



మొన్న ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు: "అన్నా, పాలకుణ్ని విమర్శించాలంటే ఏది పట్టుకోవాలి? వాడి నోటినా, వాడి నడవడికనా, వాడు దాటిన చట్టాన్నా?" మంచి ప్రశ్న. జవాబు కోసం 160 ఏళ్ల వెనక్కి, అమెరికాకు పోదాం. అక్కడ ఒక ప్రెసిడెంటును దేశమంతా తిట్టింది. పార్లమెంటు బోనులో నిలబెట్టింది. అయినా అతను చేసిన అసలు నేరం ఆ చార్జిషీటులో లేదు. అతని పేరు ఆండ్రూ జాన్సన్.

1865 మార్చి 4. లింకన్ రెండోసారి ప్రమాణ స్వీకారం చేస్తున్న రోజు. జనంలో ఫ్రెడరిక్ డగ్లస్ నిలబడి ఉన్నారు. బానిసగా పుట్టి, పారిపోయి, తన జాతికి గొంతైన మనిషి. లింకన్ తన ఉపాధ్యక్షుడు జాన్సన్‌ను తాకి, అదిగో డగ్లస్ అని చూపించాడు. జాన్సన్ ముఖంలో మొదట కనపడింది అసహ్యం. డగ్లస్ తనను చూస్తున్నాడని తెలిసి వెంటనే నవ్వు పులుముకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది. ఈ మనిషి మన వాళ్లకు స్నేహితుడు కాడు అని డగ్లస్ పక్కనున్నామెతో అన్నారు. ఆ రోజు జాన్సన్ తాగి సెనేటులో తూలుతూ మాట్లాడాడు. పత్రికలన్నీ ఆ తాగుడు గురించే రాశాయి. డగ్లస్ మాత్రం ఆ చూపు గుర్తుపెట్టుకున్నారు.

ఆరు వారాలకు లింకన్ హత్య. జాన్సన్ ప్రెసిడెంటు.

ఇతను దొరబిడ్డ కాదు, అది గమనించండి. నార్త్ కరోలినాలో కటిక పేద ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే దర్జీ దగ్గర కట్టుబడి పనికి పెట్టారు. పారిపోతే, పట్టిచ్చిన వాళ్లకు 10 డాలర్లు ఇస్తామని 1824లో యజమాని పత్రికలో ప్రకటన వేశాడు. పారిపోయిన బానిసల మీద ఎలాంటి ప్రకటనలు వేసేవారో, అలాంటిదే. పెద్దయ్యాక టెన్నెసీలో దర్జీ కొట్టు పెట్టి, రాజకీయాల్లోకి వచ్చి, తోటల దొరలను జీవితమంతా తిట్టాడు. తానూ బానిసలను కొన్నాడు. 1864 అక్టోబరులో నాష్‌విల్‌లో నల్లవాళ్ల సభలో నిలబడి, మీకు నేనే మోషేనవుతానని మాట ఇచ్చాడు. మోషే ఏం చేశాడో మన పేటల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈ మోషే జనాన్ని ఎటు నడిపించాడో చూద్దాం.

1865 జనవరి 12న జార్జియాలోని సవానా పట్నంలో 20 మంది నల్లజాతి పాస్టర్లు జనరల్ షెర్మన్‌నూ యుద్ధమంత్రి స్టాంటన్‌నూ కలిశారు. వాళ్ల తరఫున మాట్లాడింది గారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏళ్ల పెద్దాయన. తనకూ తన భార్యకూ స్వేచ్ఛను వెయ్యి డాలర్లు పోసి కొనుక్కున్న మనిషి. స్వేచ్ఛ నిలబడాలంటే మీకేం కావాలని అడిగారు. ఆయన జీతం అడగలేదు, జాలి అడగలేదు. భూమి ఇవ్వండి, మా కష్టంతో మేం దున్నుకు బతుకుతాం అన్నాడు. నాలుగు రోజులకు షెర్మన్ 15వ నంబరు ఫీల్డ్ ఆర్డర్ వచ్చింది. చార్ల్స్‌టన్ నుంచి ఫ్లోరిడా దాకా తీరం వెంట, 30 మైళ్ల లోపలి వరకు, దొరలు వదిలి పారిపోయిన భూముల్లో కుటుంబానికి 40 ఎకరాల లోపు. జూన్ నాటికి దాదాపు 40,000 మంది 4 లక్షల ఎకరాల్లో దిగి సేద్యం మొదలుపెట్టారు. వాళ్లకిచ్చింది స్వాధీనపు కాగితం మాత్రమే, పూర్తి హక్కు కాదు.

ఆ కాగితం గురించి చదివినప్పుడు నాకు మా తాత ఇనప్పెట్టె గుర్తొచ్చింది. అందులో డీ ఫారం పట్టా ఉండేది. ఎకరా ఇరవై సెంట్లు. కాగితం మా పెట్టెలో, పొలం మోతుబరి నాగలి కింద.

మే 29న జాన్సన్ క్షమాభిక్ష ప్రకటించాడు. తిరుగుబాటు చేసిన దక్షిణాది తెల్లవాళ్లు విధేయతా ప్రమాణం చేస్తే చాలు, బానిసలు తప్ప మిగతా ఆస్తి వెనక్కి. 20 వేల డాలర్లు పైబడిన ఆసాములు విడిగా అర్జీ పెట్టుకోవాలన్నాడు. జీవితమంతా దొరలను తిట్టినవాడి గుమ్మం ముందు దొరలు వరస కట్టారు. వేలమందికి క్షమాపత్రాలు రాసిచ్చాడు. విముక్తుల సంక్షేమం చూసే ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధిపతి జనరల్ హోవర్డ్, నల్లవాళ్లకు 40 ఎకరాల చొప్పున భూమి పక్కన పెట్టమని జులైలో సర్క్యులర్ ఇచ్చాడు. సెప్టెంబరుకల్లా జాన్సన్ దాన్ని రద్దు చేయించి, భూములు పాత యజమానులకు అప్పగించమని కొత్త సర్క్యులర్ ఇప్పించాడు.

ఆ కబురు చెప్పడానికి అక్టోబరులో హోవర్డ్ సౌత్ కరోలినాలోని ఎడిస్టో దీవికి వెళ్లాడు. యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న సైన్యాధికారి. చర్చి కిక్కిరిసింది. భూమి వదిలేయండని చెప్పలేక చెప్పాడు. జనం ఏడ్చారు, దుఃఖపు పాట ఎత్తుకున్నారు, కాదు పొమ్మని అరిచారు. తర్వాత హెన్రీ బ్రామ్, ఇష్మాయేల్ మౌల్ట్రీ, యేట్స్ శాంప్సన్ అనే ముగ్గురిని కమిటీగా పెట్టుకుని హోవర్డ్‌కూ, నేరుగా జాన్సన్‌కూ అర్జీలు రాశారు.

నా లెక్కలో అదే మొదటి చార్జిషీటు. దాని సారం ఇది. ఈ నేలను తరతరాలుగా సాగుచేసింది మేము. యుద్ధంలో ప్రభుత్వం పక్షాన నిలిచింది మేము, దాని మీద తుపాకి ఎత్తింది వాళ్లు. ఇప్పుడు శత్రువుకు భూమి, మిత్రుడికి కూలి బతుకా? దొరలను క్షమించమంటున్నారు. నన్ను చెట్టుకు కట్టి 39 కొరడా దెబ్బలు కొట్టినవాణ్ని, నా తల్లినీ చెల్లినీ కొట్టినవాణ్ని, ఇప్పుడు నాకు భూమి దక్కకుండా చేస్తున్నవాణ్ని ఎలా క్షమించను? భూమి లేకపోతే మేం మళ్లీ ఆ దొర దయ మీదే బతకాలి.

జాన్సన్ మనసు మారలేదు. 1866 మొదట్లో సైనికులు వచ్చారు. దొరతో కూలి ఒప్పందానికి ఒప్పుకో, లేదా ఖాళీ చెయ్యి.

ఈలోగా దక్షిణాది రాష్ట్రాలు బ్లాక్ కోడ్లు తెచ్చాయి. మిసిసిపీలో నల్లవాడు పట్నం బయట భూమి కౌలుకు తీసుకోకూడదు. ఏటా జనవరిలో పనిలో ఉన్నట్టు కాగితం చూపాలి, లేకపోతే తిరుగుబోతు కింద పట్టుకుంటారు. సౌత్ కరోలినాలో సేద్యం, ఇంటిపని కాక మరో వృత్తి చేయాలంటే 10 నుంచి 100 డాలర్ల దాకా పన్ను. సంకెళ్లు తీశారు, వెట్టిని చట్టంలో రాశారు.

1866 ఫిబ్రవరి 7న జార్జ్ డౌనింగ్, డగ్లస్ తదితరుల ప్రతినిధి బృందం వైట్ హౌస్‌కు వెళ్లి ఓటు హక్కు అడిగింది. జాన్సన్ ముప్పావు గంట ఉపన్యాసం దంచాడు. నేనూ బానిసలను కొన్నాను గానీ ఒక్కరినీ అమ్మలేదన్నాడు. మీకూ పేద తెల్లవాళ్లకూ పడదు, ఓటిస్తే జాతుల యుద్ధమే అన్నాడు. వేరే చోటికి వలసపొమ్మని సలహా ఇచ్చాడు. ఎదురు మాట్లాడనివ్వలేదు. ప్రెసిడెంటు మమ్మల్ని ప్రజల దగ్గరికి పొమ్మంటున్నాడు, అలాగే పోతాం అంటూ డగ్లస్ లేచారు.

అన్నట్టే ఆ బృందం వెంటనే పత్రికలో జవాబు వేసింది. పేద తెల్లవాడికీ బానిసకూ మధ్య పగ పెట్టింది ఇద్దరినీ దోచుకున్న దొరలే. బానిసత్వంలో పుట్టిన పగను చూపించి స్వేచ్ఛలో హక్కులు ఆపుతావా? అతను మాకు శత్రువే అనుకుందాం. శత్రువు చేతికి ఓటూ అధికారమూ ఇచ్చి, మా చేతులు కట్టేయడం ఏ న్యాయం? మిత్రులారా, మన దగ్గర బీసీకీ ఎస్సీకీ మధ్య, ఎస్సీ కులాలకు వాటిలో వాటికే మధ్య తగువు పెట్టి పైన కూర్చున్నవాళ్లను తలుచుకుని ఈ జవాబు మళ్లీ ఒకసారి చదవండి. అంబేడ్కర్ నిచ్చెనమెట్ల అసమానత అన్నది దీన్నే.

ఫిబ్రవరి 19న బ్యూరో బిల్లు వీటో. ఇలాంటి సాయం మన సొంత జనానికే ఎన్నడూ చేయలేదన్నాడు. "మన" అంటే ఎవరో చెప్పక్కర్లేదు. మార్చి 27న పౌరహక్కుల బిల్లు వీటో. ఇది నల్లవాళ్లకు అనుకూలం, తెల్లవాళ్లకు వ్యతిరేకం అన్నాడు. బానిసత్వం రద్దయి నాలుగు నెలలు నిండలేదు, అప్పుడే తెల్లవాడికి అన్యాయం! ఈ రోజు రిజర్వేషన్ల మీద మీ క్లాస్‌రూముల్లో వినే వాదానికి అంత వయసుంది. ఆ రెండో వీటోను కాంగ్రెస్ ఏప్రిల్ 9న తోసిపుచ్చింది.

మేలో మెంఫిస్‌లో 46 మంది నల్లవాళ్లను చంపి, చర్చిలూ బడులూ తగలబెట్టారు. జులై 30న న్యూ ఆర్లియన్స్‌లో మరో మారణకాండ. ఆ తర్వాత జాన్సన్ ఊరూరా ప్రచారానికి బయల్దేరాడు. జనంతో వాదులాటకు దిగాడు, ప్రత్యర్థులను ఉరితీయరేమని అడిగాడు, న్యూ ఆర్లియన్స్ పాపం కాంగ్రెస్‌దే అన్నాడు. ఆ ఎన్నికల్లో అతని ప్రత్యర్థులకు మూడింట రెండొంతులకు పైగా సీట్లొచ్చాయి.

1868 ఫిబ్రవరి 24న 126–47 ఓట్లతో ప్రతినిధుల సభ అభిశంసించింది. ఇది రెండో చార్జిషీటు. 11 అభియోగాలు. వాటిలో ఎక్కువ భాగం యుద్ధమంత్రి స్టాంటన్‌ను చట్టం దాటి తొలగించినందుకు. పదోది, కాంగ్రెస్‌ను కించపరుస్తూ బహిరంగంగా కేకలు వేసినందుకు. ఎడిస్టో భూమి లేదు. మెంఫిస్ శవాలు లేవు. థాడియస్ స్టీవెన్స్ దొరల భూములు జప్తు చేసి పంచాలని పట్టుబడితే, సొంత పార్టీయే ఒప్పుకోలేదు. భూమి గుంజుకోవడం వాళ్ల కళ్లకు నేరంగా కనపడితే కదా అభియోగమయ్యేది! సెనేటులో 35–19. ఒక్క ఓటు తక్కువై జాన్సన్ బయటపడ్డాడు.

ఆ తర్వాత చరిత్రకారులు కూడా రెండో చార్జిషీటునే చదివారు. కొలంబియా యూనివర్సిటీలో విలియం డన్నింగ్, ఆయన శిష్యులు నల్లవాళ్లకు ఓటివ్వడమే తప్పన్నట్టు ఆ కాలం చరిత్ర రాశారు. 1913లో అంబేడ్కర్ చదువుకు వెళ్లింది ఆ యూనివర్సిటీకే. ఆ రాతలను 1935లో తన పుస్తకంతో బద్దలుకొట్టింది డుబోయిస్. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఆ డుబోయిస్‌కే.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. పాలకుడి నోరు మీద మీమ్స్ వస్తాయి, వాడి నడవడిక మీద టీవీ చర్చలు నడుస్తాయి. నవ్వుకో, తప్పులేదు. కానీ నువ్వు చదవాల్సింది జీవో. ఏ సంతకంతో ఎవరి భూమి ఎవరికి పోయిందో రాసి పెట్టు. పెద్దలు రాసే చార్జిషీటులో మన కేసు ఉండదు. ఎడిస్టో మనుషుల్లాగా మనదే మనం రాసుకోవాలి. వాళ్లు ఓడిపోయారు. కానీ రాసి పెట్టారు కాబట్టే ఈ రోజు మనం ప్రెసిడెంటును ఆ అర్జీతో కొలుస్తున్నాం.

మీ ఊళ్లో పట్టా ఉండి పొలం లేని ఇళ్లు ఎన్నో లెక్క తీయండి. సర్వే నంబరుతో సహా. వచ్చే భాగం అక్కడి నుంచి మొదలుపెడదాం.

జై భీమ్.