దినమున కొక రేఖ

తెలతెలవారుచుండగా లేచి, వాకిలి ఊడ్చి, కలాపి చల్లి, ముగ్గు పెట్టు తెలుగు ఇల్లాలు తాను చిత్రకళాభ్యాసము చేయుచున్నానని ఎన్నడును అనుకొనదు. అది ఆమెకు నిత్యకృత్యము. నేడు పెట్టిన ముగ్గు మధ్యాహ్నమునకే వచ్చిపోవువారి పాదముల క్రింద చెదరిపోవును. మరునాడు మరల క్రొత్త ముగ్గు. నలుబదేండ్లు ఇట్లు పెట్టిన చేతికి చుక్కల లెక్క తప్పదు, గీత వణకదు. కాని ఆ నలుబదేండ్ల ముగ్గులలో ఒక్కటియైనను మిగులదు. ముందుచూపు గల గృహిణి యెవరైన ఒక నోటుపుస్తకములో చుక్కలు పెట్టి దాచుకొన్నయెడల మాత్రమే అవి కోడండ్రకును, మనుమరాండ్రకును దక్కును.

నిత్యము చేయుట యొకటి. చేసినదానిని దాచుట మరియొకటి. ఈ రెండును కలిసినప్పుడు సచిత్రమైన దినచర్య పుట్టును. ఆనాడు కంటబడిన ఒక వస్తువును నాలుగు గీతలలో గీసి, ప్రక్కన తేదీ వేసి, రెండు మాటలు వ్రాసి ఉంచుటయే దాని స్వరూపము. ఇంత చిన్న పనిని ఎడతెగక సాగించుట ఎంత కష్టమో, దాని ఫలము ఎంత దూరము పోవునో చరిత్రనుండి ఒక ఉదాహరణముతో చెప్పదలచితిమి.

ప్రాచీన గ్రీకు చిత్రకారుడగు అపెల్లీస్ ఎన్ని పనులున్నను ఒక గీతయైన గీయక ఏ దినమును గడపలేదని రోమక గ్రంథకర్త ప్లినీ క్రీ. శ. మొదటి శతాబ్దమున వ్రాసెను. ఆ మాటనుండి లాటిన్ భాషలో ఒక సామెతయే పుట్టినది. అయినను అపెల్లీస్ చిత్రములలో నేడు ఒక్కటియు లేదు. నిత్యాభ్యాసమునకు ఆయన పేరు నిలిచినది గాని, ఆ అభ్యాసము జరిగిన పలకలును, పుటలును నిలువలేదు. వాకిటి ముగ్గువలెనే అవియు చెదరిపోయినవి.

పుటలు నిలిచినవారిలో ఫ్రెంచి చిత్రకారుడు యూజీన్ డెలాక్రువా కథ మనకు మిక్కిలి ఉపకరించును. ఏలయనగా ఆయన నియమము తప్పని మహాపురుషుడు కాడు. మనబోటివారివలెనే ఉత్సాహముతో మొదలుపెట్టి, మానివేసి, చాలకాలమునకు మరల పట్టుకొన్నవాడు.

డెలాక్రువా 1798వ సంవత్సరమున జన్మించెను. 1822లో పారిస్ ప్రదర్శనమునందు ఆయన చిత్రమొకటి పేరుపొందగా ప్రభుత్వము దానిని కొనెను. ఆ యేడు సెప్టెంబరు 3వ తేదీ రాత్రి, లూరూ అను పల్లెలో తన అన్నగారి యింట నుండి, ఆయన దినచర్యను ప్రారంభించెను. గడియారము తొమ్మిదో పదియో కొట్టినదట. వాకిటి ముందరి చిన్న బల్లపై కొంచెముసేపు వెన్నెలలో కూర్చుండి, లోనికి వచ్చి కలము పట్టెను. అది ఆయన తల్లి మరణించిన తిథి. అంతకుముందు పలుమారులు తలపెట్టి మానుకొన్న సంకల్పము ఆ రాత్రి కార్యరూపము దాల్చినది. తాను తనకొరకే వ్రాసికొనుచున్నానను సంగతి మరువరాదని మొదటినాడే ఆయన నియమము పెట్టుకొనెను.

ఆ నియమము రెండేండ్లు నడచెను. చిత్రమునకై కూర్చున్నవారికి ఇచ్చిన సొమ్ము, ఆనాడు కలిపిన రంగులు, మిత్రులతో చేసిన విందు, తన సోమరితనముపై తనకే కలిగిన కోపము, ఇవన్నియు అందు కలవు. వ్రాయక విడిచిన దినములు తాను బ్రదుకనట్టివేయని ఆయనకు తోచెను. ఇంతగా తలచినవాడే 1824 అక్టోబరులో దినచర్యను ఆపివేసెను. పెద్ద కారణమేదియు కనబడదు. ఒకనాడు మానెను, అది ఇరువదిరెండేండ్లయ్యెను.

ఆ మౌనమువలన కలిగిన నష్టము సామాన్యమైనది కాదు. 1830లో పారిస్ నగరమున తిరుగుబాటు చెలరేగెను. డెలాక్రువా ఆ ఘట్టమును తీసికొని, జెండా పట్టిన స్త్రీరూపమున స్వాతంత్ర్యము ప్రజలను నడిపించుచున్నట్లు చిత్రించెను. ఆయన చిత్రములలో లోకమంతయు ఎరిగినది అదియే. ఆ చిత్రము గీయుచున్న దినములలో ఆయన మనసున ఏమున్నదో, ఏ మార్పు ఏనాడు చేసెనో తెలిసికొందమన్న దినచర్యలో ఒక పుటయు లేదు. ఆయన ఉత్తరములలోని కొద్ది మాటలే మనకు ఆధారము.

ఈ మౌనకాలముననే ఒక విశేషము జరిగెను. మాటల దినచర్య ఆగియుండగా బొమ్మల దినచర్య మొదలయ్యెను. 1830లో ఫ్రాన్సు ఆల్జియర్స్ పట్టణమును బలముతో ఆక్రమించినది. పొరుగుననున్న మొరాకో సుల్తానుతో మాటలాడుటకు ఫ్రెంచి రాజు 1832లో కౌంట్ ద మోర్నే అను దొరను రాయబారిగా పంపెను. ప్రయాణమున తోడుగా డెలాక్రువా వెళ్లెను. జనవరి నెలలో తూలోన్ రేవున ఓడ యెక్కి, అదే నెల చివరను టాంజియర్‌లో దిగెను. జూలైలో స్వదేశమునకు మరలి వచ్చెను. ఈ ఆరుమాసములలో ఆయన ఏడు చిన్న పుస్తకములు నింపెను. వానిలో మూడు లూవ్ర్ ప్రదర్శనశాలలోను, ఒకటి షాంతియీ పట్టణమునందును భద్రముగానున్నవి.

ఆ పుస్తకములలోని పుట ఎట్లుండునో గమనింపదగినది. మొదట పెన్సిలుతోనో సిరాతోనో త్వరగా గీసిన గీతలు. గుఱ్ఱము కదలిపోకముందే, మనిషి మలుపు తిరుగకముందే పూర్తిచేయవలసిన గీతలు అవి. ఆ గీతల నడుమను అంచులను రంగుల పేర్లు వ్రాసి యుండును. ఇచట తెలుపు, అచట పసుపు, ఈ ప్రక్క నీడ అనునట్లు. పెట్టె విప్పి రంగు కలుపుటకు వ్యవధి లేనప్పుడు మాటయే రంగునకు బదులుగా నిలిచినది. తీరిక చిక్కినప్పుడు ఆ మాటలను చూచి నీటిరంగులు వేసెను. వానితోపాటు తేదీ, ఊరి పేరు, చూచిన సంగతి. గీత మరచినదానిని మాట చెప్పును. మాట చెప్పలేనిదానిని గీత చూపును.

ఈ పని సులభముగా సాగలేదు. తమ రూపమును పరదేశి కాగితముపై పెట్టుకొనుట అచటి ముస్లిములలో పెక్కురకు సమ్మతము కాదు. వెనుక ఫ్రెంచి సైన్యబలమున్న రాయబారముతో వచ్చినవానిని వారు అనుమానముతో చూచుట సహజమే. కనుక ఆయన పలుమారులు చాటుగా గీయవలసివచ్చెను. యూదుల యిండ్లలో మాత్రము ఆదరము లభించినది. ఫిబ్రవరి నెలలో టాంజియర్‌లో జరిగిన ఒక యూదుల పెండ్లికి ఆయన పోయి, గోడలను, వాద్యగాండ్రను, కూర్చున్నవారిని పుస్తకమున ఎక్కించుకొనెను. మార్చి 22వ తేదీన మెక్నెస్ నగరమున సుల్తాను గుఱ్ఱముపై, గొడుగు నీడలో, కోటద్వారము వెడలి వచ్చి రాయబారిని చూచెను. అదియు పుస్తకమున ఎక్కినది.

ఆ పుటలు ఏనాటికి పనికివచ్చునో గీయునప్పుడు ఆయనకు తెలియదు. టాంజియర్ పెండ్లి తొమ్మిదేండ్లకు, అనగా 1841లో, పెద్ద తైలవర్ణ చిత్రమై ప్రదర్శింపబడెను. గొడుగు క్రింది సుల్తాను పదుమూడేండ్లకు, 1845లో, పండ్రెండడుగులకు మించిన ఎత్తున వెలసెను. 1863లో, తన మరణసంవత్సరమున, కొండలలో పోరాడు అరబ్బు రౌతులను ఆయన చిత్రించెను. మొరాకో విడిచి అప్పటికి ముప్పదియొక యేండ్లు. జేబులో పట్టునట్టి కొన్ని పుస్తకములు ఒక మనుష్యుని శేషజీవితమంతయు పోషించినవి. జ్ఞాపకశక్తి ఒక్కటే ఇంత దూరము మోయజాలదు.

1847 జనవరి 19వ తేదీన, నలుబదియెనిమిదవ యేట, డెలాక్రువా మాటల దినచర్యను మరల పట్టెను. ఈమారు ఆయన వాడినవి తేదీలు అచ్చువేసిన సామాన్యమైన డైరీలు. విడిచిపోయిన ఇరువదిరెండేండ్లను పూరించు ప్రయత్నమునకు పోలేదు. ఆనాటి పుట ఆనాడు వ్రాసెను. మరుసటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలినది. 1848వ సంవత్సరపు దినచర్యను ఆయన ఒక బాడుగ బండిలో మరచి దిగిపోయెను. అది మరల దొరకలేదు. రాజరికము కూలి ఫ్రాన్సు రెండవమారు గణతంత్రమైన సంవత్సరమది. ఆ యేటి పుటలే పోయినవి. మరియొకడైన విసిగి మానియుండును. ఆయన 1849లో మరల మొదటి పుట తెరచెను. మా దృష్టిలో డెలాక్రువా జీవితమున మెక్నెస్ ప్రయాణముకంటె ఇదియే గొప్ప సంగతి.

ఛాయాచిత్రము వచ్చిన పిమ్మట చేతితో గీయుట ఎందులకని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న ఆయన కాలముననే పుట్టినది. ఛాయాచిత్రణ పద్ధతి 1839లో లోకమునకు వెల్లడియైనది. 1851లో ఫ్రాన్సున దానికై ఏర్పడిన సంఘమున డెలాక్రువా స్థాపకసభ్యులలో ఒకడు. ఛాయాచిత్రములను ఎదుట పెట్టుకొని గీతలు అభ్యసించెను కూడ. యంత్రమును ఆదరించినవాడే పెన్సిలును విడువలేదు. యంత్రము క్షణములో సమస్తమును గ్రహించును. చేయి గ్రహింపవలెనన్న కన్ను కొంతసేపు ఆ వస్తువుమీద నిలువవలెను. ఆ నిలుపుదలయే లాభము. ప్రతివారి చేతిలోను ఫోను ఉండి, వేలకొలది ఛాయాచిత్రములు తీసి మరల చూడక విడుచుచున్న ఈ దినములలో ఈ భేదము మనకు మరింత బాగుగా తెలియుచున్నది.

డెలాక్రువా మరల కలము పట్టుటకు నాలుగైదేండ్లు ముందు, జపాను దేశమున మరియొక వృద్ధుడు ఇట్టి వ్రతమే పూనెను. ఆయన హొకుసాయ్. 1760లో జన్మించి, ఎనుబదేండ్లు దాటినవాడు. 1839లో ఆయన యిల్లు కాలి, అంతవరకు కూడబెట్టిన చిత్తుబొమ్మలెన్నో బుగ్గియైనవి. 1842-43 సంవత్సరములలో ఆయన ప్రతి ఉదయము ఒక సింహమునో, సింహవేషగానినో కుంచెతో గీయుట నియమముగా పెట్టుకొనెను. కీడును తరుముటకు చేయు నిత్యరక్షవంటిది అది. వానిలో 219 బొమ్మలు క్యూషూ జాతీయ ప్రదర్శనశాలలో నేడును కలవు. ఒకనాటి సింహము గర్జించును, ఒకనాటిది నిదురపోవును, ఒకనాటిది ఆడును. విషయమొక్కటే యైనను దినములు వేరు. గుమ్మమునకు మేలు కలుగవలెనని వేకువనే ముగ్గు పెట్టు మన ఇల్లాండ్రకు ఆ వృద్ధుని మనసు వివరించి చెప్పనక్కరలేదు.

డెలాక్రువా చివరి పుట 1863 జూన్ 22వ తేదీది. వ్యాధితో కృశించి, పెన్సిలుతో, చిత్రము కంటికి కలిగింపవలసిన ఆనందమును గూర్చి ఆయన కొన్ని మాటలు వ్రాసికొనెను. ఆగస్టు 13వ తేదీన మరణించెను. మరుసటి సంవత్సరము ఆయన చిత్రశాలలోని వస్తువులను వేలము వేయునప్పుడు రేఖాచిత్రములే వేలకొలదిగా బయటపడినవి. ఆయన దినచర్య 1893 మొదలు అచ్చుపడెను. తనకొరకే వ్రాసికొన్న పుటలు తరతరముల చిత్రకారులకు పాఠ్యగ్రంథమైనవి.

ఈ కథ విని మన యిండ్లలో ఎవరైన ఒక పుస్తకము మొదలుపెట్టినయెడల మేము సంతోషింతుము. ఖరీదైన కాగితము అక్కరలేదు. పిల్లల పాత నోటుపుస్తకమున మిగిలిన తెల్లకాగితములు చాలును. తులసికోట, నీళ్లబిందె, గిలకబావి, కుర్చీలో కునుకు తీయు తాతగారు, పెరటి జామకొమ్మ, ఏది కంటబడిన అది. రేడియోలో కచేరి వినుచు కూడ గీయవచ్చును. చెవి పని చెవిది, చేతి పని చేతిది. బొమ్మ కుదరలేదని పుట చింపరాదు. తేదీ మాత్రము మరువరాదు. గీసిన వస్తువు పేరును, దాని రంగును, ఆనాటి మాట యొకటియు ప్రక్కన వ్రాయవలెను.

నడుమ పది దినములో, పది నెలలో తప్పిపోవుట నిశ్చయము. మేమును సంవత్సరారంభమున ఉత్సాహముతో తెరచి, ఉగాది నాటికి మూసిన పుస్తకములు కొన్ని కలవు. విడిచిన పుటలను పూరింపవలెనని కూర్చుండువాడు అలసి మరల మానును. ఆనాటి తేదీ వేసి ఆనాటి బొమ్మ గీయువాడు సాగిపోవును. మన యిండ్లలో పాతబడి కూలిన పెంకుటిండ్ల రూపము, గతించిన అమ్మమ్మ కూర్చున్న తీరు, అమ్మివేసిన ఆవు కొమ్ముల వంపు నేడు ఎవరికి సరిగా జ్ఞాపకమున్నవి? ఒక్క పుట ఉండిన ఎంత బాగుండెడిదో కదా!

రేపు ఉదయము వాకిట ముగ్గు పడిన పిమ్మట, అది చెదరకముందే, ఇంటిలోని పిల్లలలో ఒకరిని దానిని చూచి పుస్తకమున దింపుమనుడు. క్రింద తేదీ వేయించుడు. పెట్టినవారి పేరును వ్రాయించుడు.