పిండి నోళ్లు, వెండి నాలుకలు

ఉన్నమాట మొహాన అనలేక నీళ్లు నమిలేవాణ్ణి ఇంగ్లీషువాళ్లు 'మీలీ-మౌత్డ్' అంటారు. 'మీల్' అంటే పిండి. నోటికీ పిండికీ ఏమిటి సంబంధం? 1755లో నిఘంటువు తెచ్చిన డాక్టర్ జాన్సన్‌కూ ఇదే సందేహం వచ్చింది. స్కిన్నర్ అనే పాత పండితుడు ఇది 'మైల్డ్-మౌత్డ్' లాంటి మాట చెడి ఏర్పడిందన్నాడు. జాన్సన్ మరో దారి పట్టాడు. నోరు పుండై గింజ నమల్లేని పశువులకు పిండి పెడతారు కదా, అక్కణ్ణుంచి వచ్చిందేమో అన్నాడు.

ఊహ ముచ్చటగానే ఉంది కానీ నిలవలేదు. 16వ శతాబ్దంలోనే ఈ మాట వాడుకలో ఉంది. అంతకుముందే ఇంగ్లీషులో నోట్లో పిండి పెట్టుకోవడమంటే వినసొంపుగా మాట్లాడటం. జర్మన్‌లో మార్టిన్ లూథర్ కూడా ఇలాంటి పలుకుబడే వాడాడు. కాదు, తేనెకున్న పాత పేరు ఇందులో దాగుందనేవాళ్లూ లేకపోలేదు. నా ఓటు పిండికే. నోటినిండా పిండి కుక్కుకున్నవాడి మాటకు పదునెక్కడిది?

జాన్సన్ చూపు పశువుల మీదికి పోవడం మాత్రం వింతేమీ కాదు. 'హార్డ్-మౌత్డ్' అంటే కళ్లేనికి లొంగని గుర్రం. 'డీప్-మౌత్డ్' అంటే గంభీరంగా మొరిగే వేటకుక్క. కూల్చిన పిట్టను పన్ను దిగకుండా పట్టి తెచ్చే కుక్క 'సాఫ్ట్-మౌత్డ్'.

చేతిలో చక్రం ఉన్నవాడు చక్రపాణి అయినట్టే ఈ మాటలూ ఏర్పడ్డాయి. ఐరోపా భాషావేత్తలు ఇలాంటి సమాసాలకు మన 'బహువ్రీహి' పేరునే ఉన్నదున్నట్టు తీసుకున్నారు. కాకపోతే ఇంగ్లీషులో చాలావాటికి చివర 'ఎడ్' అనే తోక ఉంటుంది. నామవాచకాలకు ఈ తోక తగిలించడం జాన్సన్‌కు గిట్టదు. 'హనీడ్' అని రాసినందుకు థామస్ గ్రే అంతటి కవికి చురక అంటించాడు. తన నిఘంటువులో మాత్రం 'మీలీ-మౌత్డ్'కు పీట వేశాడు! నిజానికి ఆ తోక పాత ఇంగ్లీషు నాటిదే.

ఇక మెచ్చుకోళ్లలో కొన్ని చర్చి వేదికల దగ్గర పుట్టాయి. 4వ శతాబ్దపు బోధకుడు జాన్‌కు గ్రీకులో 'క్రిసోస్టం', అంటే బంగారు నోటివాడని పేరు. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో లండన్‌లో ప్రసంగాలతో జనాన్ని కట్టిపడేసిన హెన్రీ స్మిత్‌కు బంగారం దక్కలేదు. ఆయన 'సిల్వర్-టంగ్డ్ స్మిత్' అయ్యాడు. ఆ వెండి నాలుక బిరుదు తర్వాత మన వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి దాకా వచ్చింది.

షేక్‌స్పియర్‌ది తేనె నాలుక అని 1598లో ఫ్రాన్సిస్ మియర్స్ రాశాడు. షేక్‌స్పియర్ నాటకం 'నాలుగో హెన్రీ' మొదటి భాగం అచ్చయిందీ ఆ ఏడాదే. అందులో సత్రం నడిపే ఆవిడ, ఫాల్‌స్టాఫ్ పాడునోటివాడని యువరాజుకు ఫిర్యాదు చేస్తుంది. ఆవిడ వాడిన మాట 'ఫౌల్-మౌత్డ్'.